బరువు ఎక్కడుంది?



ఈ పూట చెప్పబోయేదానికి కావలసిన సామాను ముందు చెప్పేస్తాను. ఇళ్ళల్లో కరెంటు వైర్లు లాగడానికి వాడే అంగుళం పీవీసీ పైపు, మీటరు ముక్కలు రెండు. ఎక్కడో ఇల్లు కడుతుంటే మిగిలిపోయిన 16 మిల్లీమీటర్ల ఇనప ఊచ, 16 సెంటీమీటర్ల తుంపులు నాలుగు. ఆ కొలతకు కోస్తే ఒక్కో తుంపు పావుకిలో తూగుతుంది. ఇక గుడ్డపీలికలు, కాస్త నల్లటేపు. తెనాలిలోనైనా, బాపట్లలోనైనా, రేపల్లెలోనైనా బజారుకు ఒక్కసారి వెళితే అన్నీ దొరుకుతాయి.

మొదటి పైపులోకి రెండు తుంపులు దూర్చి, సరిగ్గా నడిమధ్యకు తోసి, అటూ ఇటూ కదలకుండా గుడ్డలు కుక్కండి. రెండో పైపులో ఈ కొసకొకటి, ఆ కొసకొకటి పెట్టండి. నాలుగు మూతులూ టేపుతో మూసెయ్యండి. పైకి చూస్తే రెండూ ఒకటే. తూచినా ఒకటే.

ఇప్పుడు ఇంటర్ మొదటి సంవత్సరం క్లాసులోకి వెళదాం. కబడ్డీ ఆడే కుర్రాణ్ణి ఒకణ్ణి లేపండి. ముందు బెంచీలో బక్కపల్చగా ఉండే ఒకమ్మాయిని పిలవండి. కొసల్లో ఇనుమున్న పైపు కుర్రాడికి, మధ్యలో ఇనుమున్నది అమ్మాయికి ఇవ్వండి. ఇద్దరినీ పైపు మధ్యలో పట్టుకుని, మణికట్టు తిప్పుతూ, ఎంత వేగంగా వీలైతే అంత వేగంగా అటూ ఇటూ ఆడించమనండి. అమ్మాయి చేతిలో పైపు చెప్పినట్టు వింటుంది. కుర్రాడి పైపు ఒకవైపు మొదలుపెడితే ఆగదు, ఆపితే మళ్ళీ కదలదు. క్లాసంతా నవ్వుతారు. "సార్, ఆ అమ్మాయిది తేలికది సార్!" అంటాడు వాడు. తక్కెడ తెచ్చి వాడి చేతే తూయించండి. తర్వాత పైపులు మార్చి ఇవ్వండి. ఆ మార్చి ఇవ్వడం మరిచిపోకూడదు. పాఠం వాడి బుర్రకు ఎక్కేది అప్పుడే.

ఉన్న చోట ఉన్నదాన్ని కదపబోతే మొరాయిస్తుంది, కదులుతున్నదాన్ని ఆపబోతే మొరాయిస్తుంది. దాన్నే జడత్వం అంటున్నాం. నేరుగా తోసేటప్పుడు ఆ మొరాయింపు బరువును బట్టి ఉంటుంది. ద్రవ్యరాశి అనాలి, నిజమే. రేడియోలో మాట్లాడుతున్నాను కనక బరువు అంటూ పోతాను, ఫిజిక్సు మాస్టార్లు మన్నించాలి. తిప్పేటప్పుడు మాత్రం బరువెంతో తెలిస్తే చాలదు. ఆ బరువు తిరిగే ఇరుసుకు ఎంత దూరాన ఉందో కూడా తెలియాలి. పైగా ఆ దూరం వర్గం లెక్కన పనిచేస్తుంది. దూరం రెట్టింపయితే మొరాయింపు నాలుగు రెట్లు, మూడింతలయితే తొమ్మిది రెట్లు. మన పైపుల్లో ఊచల వరకే లెక్క కడితే కొసల్లో ఉన్న జత, మధ్యలో ఉన్న జతకన్నా ఇరవై రెట్లు ఎక్కువ మొరాయిస్తుంది. అయితే చేతికి అంత తేడా తెలియదు. ఎందుకంటే పైపు కూడా ఉంది కదా! అది రెండింటిలోనూ సమానమే. పైపు రెండొందల గ్రాములుంటే, అంతా కలిపాక తేడా సుమారు ఐదు రెట్లకు దిగుతుంది. ఈ ఇరవైకీ ఐదుకూ మధ్య ఏం జరిగిందో పిల్లల చేతే లెక్క కట్టిస్తే, ఒక పీరియడు హాయిగా గడిచిపోతుంది.

తిప్పేటప్పటి ఈ మొరాయింపుకు పుస్తకంలో పేరు జడత్వ భ్రామకం. 1673లో శాస్త్రవేత్త హైగెన్స్ లోలకం గడియారాల లెక్కల్లో దీన్ని వాడుకున్నాడు. 1765లో గణితజ్ఞుడు ఆయిలర్ దీనికి పేరుపెట్టి, ఘనవస్తువుల గమనం మీద రాసిన పెద్ద గ్రంథంలో ఒక స్థానం ఇచ్చాడు. మన పిల్లలకు ఇది "కణాల వ్యవస్థలు, భ్రమణ గమనం" అనే అధ్యాయంలో ఎదురవుతుంది. ఎదురవగానే ఒక పట్టిక కనిపిస్తుంది. కంకణానికి ఇంత, బిళ్ళకు ఇంత, గోళానికి ఐదింట రెండు, సన్నటి కడ్డీకి పన్నెండో వంతు. ఆ పట్టికను పిల్లలు ఎక్కంలా అప్పజెబుతారు. ఎంసెట్ అని మనకు అలవాటైన, 2021 నుంచి ఈఏపీసెట్ అంటున్న పరీక్షలో, వాలుబల్ల మీద గోళమూ కంకణమూ దొర్లితే ఏది ముందు కిందికి వస్తుందని అడిగితే అర నిమిషంలో గీత గీసేస్తారు. ఆ రెండూ నిజంగా దొర్లగా చూసిన పిల్లలెందరు? చాలా చోట్ల ఒక్కరూ ఉండరు. నా ఫిర్యాదు పిల్లల మీద కాదు. పది రూపాయల సామానుతో అయిపోయే పందేన్ని నల్లబల్ల మీద బొమ్మగా వేసి వదిలేసే మన అలవాటు మీద.

కాబట్టి ఆ పందెం వేద్దాం. రెండు మీటర్ల చెక్క ఒకటి, ఒక కొస కింద ఇరవై సెంటీమీటర్ల ఎత్తు. పందెంలో ముగ్గురు. పిల్లల జేబులో ఉండే గోలీ. టార్చిలైటులో వేసే పెద్ద బ్యాటరీ. నాలుగంగుళాల ప్లాస్టిక్ పైపు నుంచి రంపంతో కోసిన చుట్టు. మూడింటినీ ఒక స్కేలు వెనక వరసగా నిలబెట్టి, స్కేలును చటుక్కున పైకెత్తాలి. చేత్తో వదిలితే ఎవరో ఒకరు తోశారని గొడవ వస్తుంది.

వదిలే ముందు పిల్లల్ని చేతులెత్తమనాలి, ఏది గెలుస్తుందో చెప్పమని. బరువైనది గెలుస్తుందనేవాళ్ళు బ్యాటరీకి ఎత్తుతారు. పెద్దది గెలుస్తుందనేవాళ్ళు చుట్టుకు ఎత్తుతారు. పుస్తకం చదివినవాళ్ళు గోలీకి ఎత్తి, పక్కవాళ్ళ వంక అనుమానంగా చూస్తారు. గెలిచేది గోలీయే. జారకుండా దొర్లితే గోలీకి 2.4 సెకన్లు, బ్యాటరీకి 2.5 సెకన్లు, చుట్టుకు 2.9 సెకన్లు పడుతుంది. చుట్టు ఓడిపోవడం వెనక బెంచీవాళ్ళకు కూడా కనపడుతుంది. గోలీకీ బ్యాటరీకీ మధ్య తేడా రెప్పపాటు కన్నా తక్కువ. అక్కడ తగువు తప్పదు. ఆ తగువు పడనివ్వాలి. ఇప్పుడు ప్రతి ఇంట్లో సెల్‌ఫోనుంది, నిదానంగా చూపించే వీడియో తీస్తే తీర్పు అదే చెబుతుంది.

చుట్టు ఎందుకు ఓడింది? ఎత్తు నుంచి దిగేటప్పుడు దొరికే శక్తి రెండు ఖర్చులకు పోవాలి. ఒకటి ముందుకు సాగడానికి, రెండోది తనచుట్టూ తాను తిరగడానికి. చుట్టుకు బరువంతా అంచునే ఉంది, తిరగడానికే సగం శక్తి పోతుంది. బ్యాటరీలో మూడో వంతు పోతుంది. గోలీకి ఏడింట రెండు వంతులే. ఇక్కడే అసలు తమాషా. పెద్ద గోలీ పెట్టండి, చిన్న గోలీ పెట్టండి, ఇనప గుండు పెట్టండి, కాలం మారదు. చుట్టు గాజంత ఉన్నా, సైకిలు రిమ్మంత ఉన్నా, అది ఓడిపోయేది అంతే తేడాతో. బరువూ సైజూ రెండూ లెక్కలో కొట్టుకుపోతాయి. మిగిలేది బరువు ఎక్కడ సర్దుకుని ఉందన్న ఒక్క సంగతి. పరీక్షలో సరైన గడిలో గీత గీసిన పిల్లవాడు కూడా, పెద్ద ఇనప గుండూ చిన్న గోలీ ఒక్కసారే కింద గోడను తాకినప్పుడు నోరు తెరుస్తాడు.

ఇదే పందెంలో ఇంకో జత కూడా పెట్టొచ్చు. ఒకే కంపెనీ లీటరు నీళ్ళ సీసాలు రెండు. ఒకటి మామూలుగా నీళ్ళతో, రెండోది రాత్రి ఫ్రీజర్‌లో పెట్టి గడ్డకట్టించింది. గెలిచేది నీళ్ళ సీసా. సీసా తిరుగుతుందే గాని లోపలి నీళ్ళు అంత తొందరగా తిరగవు, జారుకుంటూ కిందికి దిగుతాయి. తిరగడానికి పెద్దగా ఖర్చు లేదు కనక త్వరగా వస్తుంది. మంచుగడ్డ అలా కాదు, సీసాతో పాటు మొత్తం తిరగాల్సిందే. కోడిగుడ్డు కిటుకూ ఇదే. మధ్యాహ్న భోజనంలో ఉడికిన గుడ్డు ఎలాగూ వస్తుంది, పచ్చిది ఒకటి కొట్లో తెస్తే సరి. బల్ల మీద రెండూ తిప్పితే ఉడికింది బొంగరంలా తిరుగుతుంది, పచ్చిది తూలుతుంది. వేలితో తాకి ఆపి వెంటనే వదిలితే, ఉడికింది ఆగిపోతుంది, పచ్చిది మళ్ళీ మెల్లగా కదులుతుంది. పెంకు ఆగింది గాని లోపలి సొన ఆగలేదు.

ఇంతవరకూ వస్తువు ఆకారం మారలేదు. తిరుగుతుండగానే బరువును ఇరుసుకు దగ్గరగా లాగితే? దీనికి ఆఫీసుల్లో వాడే తిరిగే కుర్చీ కావాలి, కొత్తదైతే మేలు. పాతవి కిర్రుమని మూడు చుట్లకే ఆగిపోతాయి. ఒక పిల్లవాణ్ణి కూర్చోబెట్టి, రెండు చేతుల్లో రెండేసి కిలోల బరువులు ఇచ్చి, చేతులు చాపించి, మెల్లగా ఒక తిప్పు తిప్పండి. చేతులు గుండెలకు హత్తుకోమనండి. వేగం రెండు మూడు రెట్లు పెరుగుతుంది. జడత్వ భ్రామకం తగ్గిన మేరకు వేగం పెరిగి లెక్క సరిపోతుంది. ఆ లెక్క పేరు కోణీయ ద్రవ్యవేగం. బయటినుంచి ఎవరూ తిప్పనంతవరకు అది మారదు. కృష్ణకు అవతల కూచిపూడిలో పుట్టిన నాట్యంలో భ్రమరి వేసేవాళ్ళు చాచిన చేతులు దగ్గరకు తీసుకునేటప్పుడు ఒళ్ళు గిర్రుమనడం కూడా ఈ లెక్కే.

ఇక్కడ చురుకైన పిల్ల ఎవరో ఒకరు లేచి అడుగుతారు. "సార్, వేగం పెరిగింది సరే, శక్తి కూడా పెరిగింది కదా, అదెక్కడినుంచి వచ్చింది?" అడగకపోతే మీరే అడగండి. జవాబు కుర్చీలో ఉన్నవాడి భుజాలకు తెలుసు. తిరుగుతున్నప్పుడు చేతులు లోపలికి లాక్కోవడం అంత తేలిక కాదు, బరువులు బయటికి గుంజుతుంటాయి. వాటితో పెనుగులాడి చేసిన పనే వేగంగా మారింది. ఒక జాగ్రత్త. చుట్టూ బెంచీలు జరిపేయాలి, చున్నీలు ముడివేయించాలి, తిరిగినవాణ్ణి వెంటనే నిలబెట్టకూడదు.

సైకిలు చక్రం సంగతి ఎక్కువ చెప్పను. సైకిలు షాపులో పాత ముందుచక్రం అడిగి, ఇరుసుకు రెండు వైపులా పైపు ముక్కలు బిగించి పట్టుకుంటే చాలు. ఆగి ఉన్న చక్రాన్ని ఎటైనా వంచొచ్చు. గట్టిగా తిప్పి వంచబోతే అది మీరు వంచిన వైపు కాకుండా పక్కకు పోతుంది. ఇరుసు ఒక కొసకు తాడు కట్టి వేలాడదీసి తిప్పితే, కింద పడకుండా తాడు చుట్టూ నిదానంగా ప్రదక్షిణ చేస్తుంది. పిల్లలు దీన్ని ఎన్నిసార్లైనా చూస్తారు. ఒక్కమాట మాత్రం అనాలి. తిరిగే చక్రాల వల్లే సైకిలు పడిపోకుండా ఉంటుందని ఈ ప్రయోగం చివర చాలామంది మాస్టార్లు ముక్తాయింపు ఇస్తారు. అది పూర్తి నిజం కాదు. 2011లో కొందరు పరిశోధకులు చక్రాల తిరుగుడు ప్రభావం లేకుండా చేసిన ఒక సైకిలును తోసి చూపించారు. మనిషి లేకుండానే అది నిలబడి సాగింది. బరువు పంపకం, ముందు హ్యాండిలు తిరిగే తీరు, ఇవన్నీ కలిస్తేనే సైకిలు. క్లాసులో సగం నిజం చెప్పేకన్నా, "ఇది ఇంకా తేలని విషయం" అంటే పిల్లలకు ఎక్కువ ఉత్సాహం.

నాకు ఇష్టమైన వస్తువు మాత్రం క్లాసులోకి మోసుకు రాలేనిది. కృష్ణా పడమటి డెల్టాలో కాస్త వయసు మళ్ళిన ప్రతి రైతుకూ తెలిసిన ఆయిల్ ఇంజను. నారుమళ్ళకు బోదె నుంచి నీళ్ళు తోడేది. ఒకే సిలిండరు, దానికి రెండు పక్కలా బండచక్రాల్లాంటి ఫ్లైవీళ్ళు. దాన్ని స్టార్టు చేయడం చూశారా? ముందు వాల్వు మీది మీట ఎత్తిపెడతారు, లోపలి గాలి బిగువు లేకుండా. హ్యాండిలు వేసి తిప్పుతారు. మొదటి రెండు చుట్లూ మనిషి నడుం పట్టేస్తుంది. అక్కడ అడ్డుపడేది ఆ చక్రాల అంచు బరువే. ఆ తర్వాత చక్రమే చేతిని లాక్కుపోతుంది. మంచి ఊపులో ఉండగా మీట వదిలేస్తారు. ఒక్క డుబుక్కు, రెండో డుబుక్కు, ఇంజను అందుకుంటుంది.

ఆ చక్రం అంత బరువు ఎందుకు? నాలుగు అంకాల ఇంజనులో రెండు చుట్లకు ఒక్కసారే పేలుడు. గాలి పీల్చడం, బిగించడం, పొగ వదలడం, ఈ మూడు అంకాల్లో ఇంజనుకు తన బలం అంటూ ఏమీ లేదు. ఆ మూడూ నడిపేది చక్రమే, పేలినప్పుడు తాను పుచ్చుకున్న శక్తితో. ఈ పనికి ఎంత బరువు పెట్టారో, ఎక్కడ పెట్టారో చూడండి. నడుమ ఊచల్లాంటి ఆకులు సన్నగా, ఇనుమంతా అంచునే. పోత పోసినవాడికి ఆయిలర్ పేరు తెలియకపోవచ్చు. ఇనుము ఖరీదు బాగా తెలుసు. అదే ఇనుమును ఇరుసు దగ్గర ముద్దగా పోస్తే ఎన్ని మణుగులైనా చాలదు. కుట్టుమిషను చక్రమూ అంతే, కుమ్మరి సారె కూడా అంతే.

బీయస్సీలో చేరినవాళ్ళకు ఈ చక్రం మళ్ళీ కనిపిస్తుంది, ల్యాబు గోడకు బిగించి ఉంటుంది. ఇరుసుకు దారం చుట్టి, కొసకు బరువు వేలాడదీసి, అది నేలను తాకేలోపు ఎన్ని చుట్లు, తాకాక ఎన్ని చుట్లు తిరిగి ఆగిందో లెక్కపెట్టి, జడత్వ భ్రామకం కడతారు. మంచి ప్రయోగం. అయితే దాన్ని చేసే పిల్లల్లో వాళ్ళ తాతగారి పొలంలో తుప్పుపట్టి పడున్న ఇంజను చక్రమూ ఇదీ ఒకటేనని ఎవరికీ చెప్పం. తెనాలి శిల్పులు తుక్కు ఇనుముతో, గొలుసులతో, నట్లూ బోల్టులతో నిలువెత్తు విగ్రహాలు చేస్తున్నారు. ఆ తుక్కుకొట్లలో వెతికితే ఒక కాలేజీకి సరిపడా ల్యాబు దొరుకుతుంది. ఇదే తెనాలిలో పుట్టిన రచయిత కొడవటిగంటి కుటుంబరావుగారు ఫిజిక్సు విద్యార్థి. కాశీలో ఎమ్మెస్సీలో చేరి పూర్తిచేయకుండానే వచ్చేశారు గాని, సైన్సును ఇంట్లో మాట్లాడుకునే తెలుగులో చెప్పడం మానలేదు. వారి అబ్బాయి రోహిణీప్రసాద్‌గారు అణు భౌతిక శాస్త్రవేత్తగా పనిచేస్తూనే ఆ పని కొనసాగించారు. ఆ తెలుగు మన క్లాసు గదుల్లోకి ఇంకా కాస్త రావాలి.

చివరగా మన చేతుల్లో లేని తిరుగుళ్ళు రెండు. 2023 డిసెంబరు 5న మధ్యాహ్నం మిచౌంగ్ తుపాను బాపట్లకు దక్షిణంగా తీరం దాటింది. గంటకు 90 నుంచి 100 కిలోమీటర్ల గాలి. కోతకు వచ్చిన వరి పడిపోయింది, ఓదెల మీద ఉన్నది తడిసిపోయింది. తుపాను గాలి దూరం నుంచి మధ్యకు ఒరుసుకుంటూ వస్తుంది. మధ్యకు దగ్గరయ్యేకొద్దీ చుట్టు తిరిగే వేగం పెరుగుతుంది, కుర్చీలో కుర్రాడు చేతులు దగ్గరకు తీసుకున్నప్పటి లెక్కే. నేల మీదా నీటి మీదా రాపిడి కొంత తినేస్తుంది కనక లెక్క అంత శుద్ధంగా ఉండదు. అయినా మధ్యకు వచ్చేకొద్దీ పెరిగే ఆ వేగం వల్లే తుపాను కన్ను చుట్టూ ఉన్న గోడలో గాలి అన్నిటికన్నా తీవ్రం.

రెండోది మనం నిలబడ్డ భూమి. 2004 డిసెంబరు 26 ఉదయం సుమత్రా దగ్గర నేల కంపించి, సునామీ మన కోస్తా మీదకూ వచ్చింది. సూర్యలంక ఒడ్డున సముద్రం తీరు మారడం చూసినవాళ్ళు ఇంకా చెప్పుకుంటారు. ఆ కంపంలో భూమి పొరల్లో కొంత పదార్థం, ఎంతో కొద్దిగా, భూమి ఇరుసు వైపుకు జరిగింది. దాంతో భూమి కాస్త వేగం పుంజుకుంది. రోజు ఎంత తగ్గిందో అమెరికా నాసా శాస్త్రవేత్తలు లెక్క కట్టారు. 2.68 మైక్రోసెకన్లు. అంటే సెకనును పది లక్షల వంతులు చేస్తే అందులో రెండు పైచిలుకు. ఇది లెక్కే, కొలత కాదు. ఏడాది పొడవునా గాలుల తీరు మారడం వల్లే రోజు నిడివి అంతకు వందల రెట్లు అటూ ఇటూ ఊగుతుంటుంది. ఆ ఊగులాటలో ఇంత చిన్న తేడాను విడదీసి చూపించే కొలత పద్ధతి అప్పటికి లేదు.